సీసా మీద తేదీ రాసిచ్చే షాపు

మొన్న మా ల్యాబుల కొత్తగ చేరిన చెల్లె ఒకామె అడిగింది: “అక్కా, ఆన్‌లైన్ల కెమికల్ సీసా నూటయాభై తక్కువకే వస్తున్నది గదా, నువ్వు ప్రతిసారి ఆటో ఎక్కి నయీంనగర్ కెమికల్స్ షాపుకే ఎందుకు పోతవు?” అప్పుడు చేతిల పని ఉండె, సగం జవాబే చెప్పిన. మిగతా సగం ఇక్కడ రాస్తున్న. హన్మకొండ, వరంగల్, కరీంనగర్ దిక్కు ల్యాబులల్ల పనిచేసేటోళ్లకు పనికొస్తదని నా నమ్మకం.

నేను కెమిస్ట్రీ రీసెర్చ్ స్కాలర్‌ని, ఇది ఐదో ఏడు. ఊరు పరకాల దగ్గర. నా పని కొలాయిడ్ రేణువులు తయారుచేసుడు. పాలు, గోడల రంగు, సిరా అన్నీ కొలాయిడ్లే. ద్రవంల కరగవు, తొందరగ అడుగుకు దిగవు, అట్లనే తేలుకుంట ఉంటయి. నా రేణువులు పొడుగు రెండు మైక్రాన్లు, మందం పావు మైక్రాన్. మిల్లీమీటరును వెయ్యి ముక్కలు చేస్తే ఒక ముక్క ఒక మైక్రాన్. ముఖ్యమైన సంగతి, అవి గుండ్రంగ ఉండవు. నా థీసిస్ మొత్తం ఆ ఒక్క మాట మీదనే నిలబడ్డది.

గుండ్రటి రేణువులు చేసుడు పెద్ద కష్టం కాదు. 1968ల వెర్నర్ స్టోబర్, ఆయన తోటివాళ్లు చెప్పిన పద్ధతి ఉన్నది: ఆల్కహాల్, నీళ్లు, అమ్మోనియా, సిలికా ఇచ్చే టి.ఈ.ఓ.ఎస్. అనే ద్రవం. మా ఎమ్మెస్సీ పిల్లలు ఒక్క మధ్యాహ్నంల చేస్తరు. కొలత కొంచెం అటూ ఇటూ అయినా గోళాలే వస్తయి, సైజు మారుతది అంతే. ఉన్న సరుకును తక్కువ ఉపరితలంల పట్టించేది గోళమే గాబట్టి రేణువు తనంతట తాను అటే పోతది. దాన్ని అటు పోనియ్యకుండ కడ్డీ చెయ్యాలె, పాచిక లెక్క ఘనం చెయ్యాలె, రెండు గింజల పల్లికాయ లెక్క చెయ్యాలె అంటే మాత్రం ప్రతి చుక్కా లెక్కకొస్తది. నాకు షాపు విలువ తెలిసింది అక్కడనే.

ఆకారం కోసం ఇంత పాకులాట ఎందుకని మా అమ్మ కూడ అడిగింది. ఆమెకు ఇంట్లనే చూపించిన. ఒక మానికల పెసర్లు, ఇంకో మానికల సన్నబియ్యం పోసి నెమ్మదిగ తట్టిన. పెసర్లు ఎటు చూసినా ఒక్కతీరే. బియ్యం గింజలు మాత్రం మానిక అంచు పొంటి పక్కపక్కకు ఒరిగి, ఒక్క దిక్కుకు తిరిగినయి. పెసర్లకు దిక్కు అనేదే లేదు, బియ్యానికి ఉన్నది. లార్స్ ఆన్సాగర్ అనే శాస్త్రవేత్త 1949లనే లెక్కకట్టి చెప్పిండు: సన్నటి కడ్డీలు ఒక చిక్కదనం దాటితే ఎవరూ తట్టకున్నా వాటంతట అవే వరుసకు వస్తయని. 2004ల ప్రిన్స్‌టన్ యూనివర్సిటీ వాళ్లు బిళ్లల్లాంటి ఎం అండ్ ఎం చాక్లెట్లు డబ్బాల పోసి కొలిచిన్రు. గోళాలు చెల్లాచెదురుగ పోస్తే జాగల 64 శాతం నిండుతది, ఆ బిళ్లలు 68 శాతం నింపినయి. చిన్న తేడా అనిపిస్తది గాని, పదార్థం గట్టిదనం, దాంట్లకెల్లి వెలుగు పోయే తీరు అన్నీ దానితోటే మారుతయి. రేణువులను ఇటుకలు అనుకుని పదార్థం కట్టాలంటే ఇటుక ఆకారం మనమే ఎంచుకోవాలె. వేయిస్తంభాల గుడి కట్టినోళ్లు గుండ్రాళ్లు పేర్చి కట్టలేదు గదా.

ఇగ షాపు సంగతికి వస్త.

నా కడ్డీల పద్ధతి నెదర్లాండ్స్‌ల ఉట్రెక్ట్ యూనివర్సిటీ వాళ్లది, 2011ల వచ్చింది. నేను చిన్న కొలతల చేస్త: పెంటనాల్ అనే ద్రవం 30 మి.లీ., అందుల పి.వి.పి. అనే పాలిమర్ పొడి 3 గ్రాములు. అది కరిగినంక ఆబ్సల్యూట్ (నీళ్లు లేని) ఆల్కహాల్ 3 మి.లీ., నీళ్లు 0.84 మి.లీ., సోడియం సిట్రేట్ ద్రావణం 0.2 మి.లీ., అమ్మోనియా 0.67 మి.లీ. బాగ ఊపి, ఆఖర్ల టి.ఈ.ఓ.ఎస్. 0.3 మి.లీ. వేసి, ఇంకోసారి ఊపి, రాత్రంత కదిలించకుండ పెట్టాలె. లోపల జరిగేది తలుచుకుంటే నాకు ఇప్పటికీ ముచ్చటనే. పెంటనాల్‌ల నీళ్లు కలవక కంటికి కనిపించని బొట్లుగ ఉంటయి. సిలికా ముందుగాల్ల ఆ బొట్టు అంచున పుడ్తది. బొట్టు ఆ మొలకకు అంటుకునే ఉంటది, కొత్త సిలికా అంత బొట్టు నుంచే వచ్చి ఆ కొసకే చేరుతది. సొరతీగ కొస పొంటే సాగినట్టు కడ్డీ ఒక్క దిక్కే పెరుగుతది. అందుకే పూర్తయిన కడ్డీకి ఒక కొస గుండ్రంగ, బొట్టు కూసున్న కొస కోసినట్టు చదునుగ ఉంటది.

రెండో ఏడు నేను మూడు నెలలు ఈ కడ్డీలు రాక కూసున్న. పొట్టిపొట్టిగ వచ్చేటివి, ఒకసారి సగం గోళాలే వచ్చినయి. గైడ్ సార్ ఏమీ అనలేదు గాని, ప్రతి సోమవారం మీటింగుల నా వంతు వచ్చేసరికి గొంతు ఎండేది. నీళ్లు మార్చిన, గాజు సామాను ఆసిడ్‌తోని కడిగిన, రాత్రి పదింటిదాక ఉండి చేసిన. అప్పుడు మేము సరుకు తెప్పించుకునేది ఇంకో సప్లయర్ దగ్గర. వాళ్ల పేరు ఇక్కడ అవసరం లేదు.

ఆ రోజులల్లనే ఒక సాయంత్రం పిపెట్ టిప్పుల కోసం ఈ షాపుకు వచ్చిన. కౌంటర్ మీద షాపు అంకుల్ ఒక సీసాకు తెల్ల టేపు అంటించి మార్కర్‌తోని ఏదో రాస్తున్నరు. ఏందని అడిగితే, “లోడు ఏ రోజు వచ్చిందో రాస్తున్న బిడ్డా. అమ్మోనియా గదా, ఎండకాలం దిగిన సీసా, చలికాలం దిగిన సీసా ఒక్కటి గావు” అన్నరు. వేడికి అమ్మోనియా ఆవిరై పోతది గదా, నేను అక్కడనే నిలబడ్డ. మేము వాడే సీసా మే నెలల వచ్చింది. వరంగల్ మే అంటే చెప్పాల్సింది లేదు, 44, 45 డిగ్రీలు. లారీల, రేకుల గోదాముల ఎన్ని రోజులు ఉన్నదో ఎవరికి తెల్సు. మూత తీసినప్పుడల్ల బుస్సుమనేది. ఘాటు ఉన్నది గాబట్టి మంచిగనే ఉన్నదనుకున్న.

తెల్లారి పొయ్యి మొట్టమొదలు చేసిన పని టైట్రేషన్, అంటే ఆసిడ్ చుక్కచుక్క పోసి అమ్మోనియా ఎంత ఉన్నదో కొలుచుడు. ఇంటర్‌ల నేర్చుకున్న పనే, హైడ్రోక్లోరిక్ ఆసిడ్, మిథైల్ రెడ్. లేబుల్ మీద 25 శాతం అని ఉన్న సీసా 17 చూపించింది. మూడుసార్లు చేసిన, మూడుసార్లూ అంతే. ఏడ్పు వచ్చింది, దానితోటి ఒక బరువు కూడ దిగింది, ఎందుకంటే తప్పు నా చేతుల లేదని మొదటిసారి తెలిసింది. ఈ షాపు నుంచి జనవరి తేదీ రాసున్న సీసా తెచ్చి చూసిన: 24.6.

అది ఒక్కటే గాదు. అంకుల్ ఆల్కహాల్ గురించి కూడ అడిగిన్రు: “ఏది వాడ్తున్నవ్? మూత తీసి ఎన్ని రోజులైంది?” ఇంటికొచ్చి లెక్క వేసుకున్న. సీసా గాలికి తెరుచుకుని తేమ పట్టి, ఆల్కహాల్‌ల అయిదు శాతం నీళ్లే చేరినయనుకుందాం. 3 మి.లీ.ల అది 0.15 మి.లీ. నేను మైక్రోపిపెట్‌తోని భద్రంగ కొలిచి వేసే నీళ్లు 0.84. అంటే నాకు తెలవకుండ దాదాపు ఆరో వంతు నీళ్లు ఎక్కువ పోతున్నట్టు. బొట్టు సైజుతోటే కడ్డీ మందం ముడివడి ఉన్నప్పుడు, ఇంత తేడాకు కడ్డీలు సరిగ్గ ఎట్ల వస్తయి? గోళాలు చేసేటోళ్లకు ఇది పెద్దగ పట్టింపు గాదు, మాకు ప్రాణం.

ఇక్కడ ఒక సంగతి అందరికీ చెప్పాలె. ఆబ్సల్యూట్ ఆల్కహాల్ ఈ షాపుల చేతికి ఇయ్యరు. ఆబ్కారీ పర్మిట్ ఉన్న డిపార్ట్‌మెంట్ ఇండెంట్ పెడ్తేనే తెప్పిస్తరు. బతిమాలినా ఇయ్యరు, నేను బతిమాలి చూసిన. అది సరైన పద్ధతే, ఎవరూ గొడవ పెట్టుకోవద్దు.

కొత్త అమ్మోనియా, కొత్త ఆల్కహాల్ పెట్టి చేసిన మొదటి రాత్రి నేను హాస్టల్‌కు పోలేదు. తెల్లారి సెంట్రిఫ్యూజ్‌ల దింపి, పెంటనాల్ కడిగి, ఒక్క చుక్క స్లైడ్ మీద వేసి, మైక్రోస్కోపుల వంద రెట్ల ఆయిల్ లెన్స్ కింద పెట్టిన. ఆ ఇమ్మర్షన్ ఆయిల్ కూడ ఈ షాపుదే, చిన్న సీసా. ఫోకస్ దొరికినంక నాకు మాట రాలేదు. మరిగే ఎసరుల పోసిన బియ్యం తిరిగినట్టు సన్నటి కడ్డీలు తిరుగుతున్నయి, పల్టీలు కొడ్తున్నయి, ఒకదానికొకటి తగిలి పక్కకు జరుగుతున్నయి. నీళ్ల అణువులు నాలుగు దిక్కులనుంచి తోస్తుంటే అవి ఊకనే ఉండలేవు. అన్నీ ఒక్క పొడుగే. మూడు నెలల సంది కాగితాల మీద చూస్తున్నది కండ్లముందర కదులుతున్నది. అమ్మకు ఫోన్ చేసి “వచ్చినయ్ అమ్మా” అన్న. ఏం వచ్చినయో ఆమెకు చెప్పనక్కర లేకుండె.

అప్పటినుంచి నేను ఈ షాపు తప్ప వేరే దగ్గరకు పోలేదు.

స్టైరీన్ (ప్లాస్టిక్ చేసే ద్రవం) కొనేటోళ్లు ఒక్కసారి కౌంటర్ వెనుక అలమారల పైన చూడండి. ఒక సీసా ఉంటది, లోపల పసుపు రంగు గట్టి ముద్ద. ఎప్పుడో గోదాముల మరిచిపోయిన స్టైరీన్, ఎండకు తనంతట తానే గట్టిపడి సీసాతోటి ఒక్కటైపోయింది. అంకుల్ దాన్ని పారెయ్యలేదు. కొత్త పిల్లలు ఎవరు స్టైరీన్ అడిగినా ముందుగాల్ల దాన్ని చేతుల పెడ్తరు. “దీనికి గట్టిపడకుండ ఒక మందు కలిపి పంపుతరు బిడ్డా. ఆ మందు అయిపోతే గిట్లయితది. నువ్వు పని చేసే రోజు ఆ మందు తీసెయ్యాలె, తీసినంక ఫ్రిజ్‌ల పెట్టాలె, తొందరగ వాడాలె” అని చెప్తరు. ఆయన చదివింది బీకాం. ఇది ఆయనకు ఎవరూ క్లాసుల చెప్పలేదు, ముప్పై ఏండ్లు సీసాలు చూసి నేర్చుకున్నరు. ఆ మందు తీసెయ్యడానికి అల్యూమినా పొడి కూడ చిన్న పొట్లాలుగ అమ్ముతరు, అరకిలో డబ్బా కొనాల్సిన పని లేదు. స్కాలర్‌షిప్పు లేట్ అయ్యే నెలలల్ల ఇది పెద్ద ఆసరా.

స్టైరీన్‌తోని నేను చేసేటివి పల్లికాయ ఆకారాలు. చిన్న పాలీస్టైరీన్, అంటే గట్టిపడ్డ స్టైరీన్, గోళాలను డైవినైల్ బెంజీన్‌తోని లోపల ముడివేసి పెడ్తే అవి రబ్బరు లెక్క సాగుతయి, ముడుచుకుంటయి. వాటికి మళ్ల స్టైరీన్ తాగిపించి వేడిచేస్తే, లోపలి వల ముడుచుకుని తాగిన స్టైరీన్‌ను బయటకు తోస్తది. అది అన్ని దిక్కుల రాదు, ఒక్క పక్కన బుగ్గ లెక్క ఉబ్బి, అక్కడనే గట్టిపడ్తది. 1990ల అమెరికాల లీహై యూనివర్సిటీ వాళ్లు దీని కారణం విడమర్చి చెప్పిన్రు. ఈ పనికి కావాల్సిన డైవినైల్ బెంజీన్ మాత్రం షాపుల స్టాక్ ఉండదు. చెప్తే తెప్పిస్తరు, రెండు వారాలు పడ్తది. ఒకసారి నెల పట్టింది, ఆ నెలంత నా పని ఆగింది. ఇక్కడ షాపు మెరుగుపడాలె. కనీసం ఒక్క సీసా ఫ్రిజ్‌ల ఉంచితే ఈ చుట్టుపక్కల ల్యాబులకు మేలు జరుగుతది.

గాజు సామాను గురించి ఎక్కువ రాయను. బోరోసిల్ సరుకు బోరోసిల్ ధరకే ఉంటది. పేరులేని సరుకు చౌకగ ఉంటది, పెన్నులు పెట్టుకోవడానికి సరిపోతది. నా అనుభవం ఒక్కటి చెప్త. ఇనుము ఆక్సైడ్ ఘనాలు చేసినప్పుడు, సుగిమోటో పద్ధతి అంటరు, ఫెర్రిక్ క్లోరైడ్, కాస్టిక్ సోడా చిక్కగ కలిపి, మూత బిగించి, 100 డిగ్రీల ఓవెన్‌ల ఎనిమిది రోజులు పెట్టాలె. మొదటిసారి పేరులేని సీసాల పెట్టిన. మూడో రోజుకే మూత దగ్గర కారి, ఓవెన్ అడుగంత తుప్పు రంగు మరక. ఇది అమ్మేటప్పుడే అంకుల్ “వేడికి అయితే ఇది వద్దు” అన్నరు, నేనే పైసలు చూసుకున్న. రెండోసారి బోరోసిల్ నీలం మూత సీసా, ఎనిమిది రోజులు చుక్క కారలేదు. మూత తీస్తే లోపల ఎర్రటి బురద. కడిగి ఎండబెడ్తే అచ్చం మా చెల్క మట్టి రంగు. మా చెల్కను ఎర్రగ చేసేది కూడ ఈ ఇనుము ఆక్సైడే, దీని పేరు హెమటైట్. మట్టిల దాని రేణువులు తీరొక్క ఆకారంల ఉంటయి, నా సీసాల మాత్రం అంచులు కొంచెం గుండ్రమైన ఘనాలు, అన్నీ ఒక్క సైజు. అదే పద్ధతిల సల్ఫేట్ కొంచెం కలిపితే ఘనాలు పోయి పల్లికాయలు వస్తయి. 1984లనే ఓజాకి, మతియేవిచ్ వాళ్లు ఇంకో తీరుగ, పల్చటి ఇనుము ద్రావణంల ఫాస్ఫేట్ చిటికెడు వేసి కండెలాంటి రేణువులు చేసిన్రు. కలిపేది ఇంతే, ఆకారం అంత మారుతది. ఇది తెలిసినంక సీసాల ఏమున్నదో నిజం చెప్పే మనిషి మీద నాకు ఎంత గౌరవమో మీకు అర్థమయితది.

తప్పులు జరగవని గాదు. పోయిన ఏడు అంకుల్ ఊర్ల లేనప్పుడు కౌంటర్‌ల కూసున్న పిల్లగాడు పి.వి.పి. కె-30 అడిగితే కె-90 ఇచ్చిండు. రెండూ ఒక్కతీరు తెల్లపొడే, డబ్బాలు కూడ ఒక్కతీరే. కె-30 అణువు బరువు 40,000 దిక్కు ఉంటది, కె-90ది దానికి ఎన్నో రెట్లు. పెంటనాల్‌ల వేస్తే గంజి లెక్క ఉండాల్సింది బంక అయింది, పిపెట్‌ల ఎక్కలేదు. ముప్పై మి.లీ. పెంటనాల్, రెండు గంటలు వృథా అయినయి. తీస్కపోయి చూపిస్తే అంకుల్ మూత తీసిన డబ్బానే వాపసు తీసుకున్నరు, వేరేది ఇచ్చిన్రు, పెంటనాల్ పైసలు కూడ బిల్లుల తగ్గించిన్రు. ఇప్పుడు ఆ రెండు డబ్బాలు వేరువేరు అరలల్ల ఉన్నయి, కె-90 మీద ఎర్ర టేపు. అయినా మీరు తీసుకునేటప్పుడు లేబుల్ మీద అంకె మీ కండ్లతోని చూసుకోండి.

ఇంకొన్ని ఇబ్బందులు. కొటేషన్ అడిగితే మూడు రోజులు పడ్తది, యూనివర్సిటీ బిల్లులకు అది ఆలస్యం. మెట్లు ఎత్తుగ ఉన్నయి, పెద్దవాళ్లకు కష్టం. మ్యాగ్నెటిక్ స్టిర్రర్ లాంటి మిషన్లు ఇక్కడ కొనొద్దని నా మాట. సరుకు మంచిదే గాని, చెడిపోతే రిపేర్‌కు అంబాలా దాక పంపాలె, నాది వాపసు రావడానికి రెండు నెలలు పట్టింది. ధరలు ఆన్‌లైన్ కన్నా సీసాకు వంద, నూటయాభై ఎక్కువ. నేను ఆ నూటయాభై సంతోషంగ ఇస్త. పాత లోడు సీసా ఉన్నప్పుడు “ఇది తీస్కపోకు బిడ్డా, వచ్చే వారం కొత్తది వస్తది” అని తన బేరం తానే వదులుకున్న మనిషిని నేను ఇంకోదగ్గర చూడలేదు. నా ముందే నాలుగుసార్లు అన్నరు, నాకు ఒక్కదానికే గాదు.

అమ్మోనియా, ఆసిడ్ సీసాలు ఇసుక పోసిన చిన్న బకెట్‌ల నిలబెట్టి ఇస్తరు, ఆటోల ఒరగదు. బకెట్ వాపసు ఇయ్యాలె, చాలామంది ఇస్తలేరని అంకుల్ బాధపడ్డరు. దయచేసి ఇయ్యండి.

పోయిన నెల థీసిస్ చాప్టర్ అయిపోయినంక, ఆల్కహాల్‌ల నా కడ్డీలు ఉన్న చిన్న సీసా ఒకటి బిగించి అంకుల్‌కు ఇచ్చిన. వెలుగుకు పెట్టి నెమ్మదిగ తిప్పితే లోపల పట్టుచీర మడతలు కదిలినట్టు మెరుపు తిరుగుతది. ద్రవం పారే దిక్కుకు కడ్డీలన్నీ వరుసగ తిరుగుతయి గాబట్టి అట్ల కనిపిస్తది, గోళాలైతే ఉత్త పాల లెక్కనే ఉంటది. ఆయన చానాసేపు తిప్పి తిప్పి చూసిన్రు. తర్వాత తెల్ల టేపు తీసి, ఆ రోజు తేదీ రాసి అంటించి, గట్టిపడ్డ స్టైరీన్ సీసా పక్కన పెట్టిన్రు.

పొద్దున పదిన్నర నుంచి రెండు, మళ్ల నాలుగున్నర నుంచి ఎనిమిదిన్నర. ఆదివారం బంద్, మేడారం జాతరప్పుడు నాలుగు రోజులు బంద్. ఫోన్‌పే ఉన్నది, కార్డు నడవదు. అమ్మోనియా కావాల్సినోళ్లు ఏప్రిల్ రాకముందే తీసుకోండి. నా రేటింగ్ అయిదుకు నాలుగున్నర, ఆ అర డైవినైల్ బెంజీన్ స్టాక్ పెట్టిన రోజు వచ్చి కలుపుత.